మన పురుక్కి మన ఐసు

సిగ్గేసినప్పుడు ఆయన కళ్లజోడు తీసేసేవాడు.

కళ్లజోడు లేకపోతే ఎదుటి మనిషి ఆయనకి మబ్బుముక్కలా కనిపించేవాడట. తనకి జనం కనబడకపోతే జనానికి తానూ కనబడనని ఆయన నమ్మకం. కంటికి ఆనని జీవాలను మైక్రోస్కోపులో చూసి బతికే మనిషికి ఇలాంటి నమ్మకం ఉండొచ్చునా అంటే, ఉండేది. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ముఖం కాదు. చొక్కా అంచుతో తెగ తుడుస్తున్న ఆ అద్దాలు.

మొన్న మా ఊరి ఇందా బజారులో చేపల దుకాణం ముందు రిక్షాలోంచి ఐసుగడ్డ దింపుతున్నారు. గోనెసంచీ, రంపపుపొట్టు, కింద కారుతున్న నీళ్లు. అక్కడే నిలబడిపోయాను. దుకాణదారు “కీ దాదా, చేప కావాలా, ఐసు కావాలా?” అనేసరికి నా చెయ్యి నా కళ్లజోడు మీదికి పోయింది. ఆయన బతుకంతా అంటువ్యాధుల పురుగులతో మెలిగి ఎవరికీ ఏదీ అంటించలేదు. నాకు మాత్రం ఈ ఒక్కటీ అంటించి పోయాడు.

బెంగాలులో రైల్వే ఊరు మాది. అందులో తెలుగువాళ్లుండే ఖరిదా పేటలో మా పక్కవాటా ఆయనది. తండ్రి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి అక్కడే రిటైరైన మనిషి, విజయనగరం వైపువాడు. ఈయన మాత్రం సుత్తి పట్టకుండా చదువు పట్టి, రోజూ సైకిలు మీద ఊరి ఆ చివర హిజ్లీ వెళ్లి, అక్కడి పెద్ద కాలేజీ లేబరేటరీలో పరిశోధన చేసేవాడు. సైకిలు మీద అన్నాను గానీ, ఖరిదా బజారు దాటేదాకా సైకిలే ఈయన పక్కన నడిచేది. అరుగుల మీద పెద్దవాళ్లు కూర్చునుంటే వాళ్ల ముందునించి సీటు మీద కూర్చుని పోవడం ఆయనకి సిగ్గు. పెళ్లిభోజనాల్లో గోడవైపు తిరిగి తినేవాడు. మంగలి దగ్గరికి వెళ్లొచ్చిన రోజున సందులమ్మట తిరిగి ఇల్లు చేరేవాడు.

నేనప్పుడు వర్క్‌షాపు స్టోర్సులో గుమాస్తాని. లోపలికి వచ్చినదీ బయటికి పోయినదీ చూడటం నా ఉద్యోగం. దానికి తోడు మా తెలుగు సంఘానికి కార్యదర్శిని. నాకు సిగ్గనేది అప్పటికి పరిచయం లేదు. అది లేకపోవడమే కార్యదర్శికి అర్హత.

సాయంత్రాలు అరుగు మీద ఎవరో ఒకరు ఆయన్ని కదిపేవారు.

“ఏటి బాబూ, హిజ్లీలో రోజంతా ఏటి సేస్తావు?” అని ఎదురింటి ముసలి ఫిట్టరు.

“బాక్టీరియాకి తిండి పెడతానండి.”

“అంటే పురుగులకా? అవి మనల్ని తింటాయి, నువ్వేమో వాటికి మేపుతావా?”

కళ్లజోడు ఊడేది. కానీ తన పురుగుల మాట వచ్చాక ఆయన ఊరుకోలేడు. గుడ్డి చూపుతోనే మొదలుపెట్టేవాడు.

“మన స్టేషన్లో గేటుంది కదండీ. బయట జనం, లోపల జనం, మధ్యన టీసీ. బాక్టీరియా ఒంటిచుట్టూ పల్చటి పొర ఒకటుంటుంది. బయట నీళ్లలో అమినో ఆమ్లాలుంటాయి. ఒళ్లు కట్టుకునే ఇటుకలన్నమాట. అవి వాటంతటవి పొర దాటి లోపలికి చాలినంతగా రాలేవు. పొరలో అక్కడక్కడా గేట్లున్నాయి. గేటుకో టీసీ. తన మనిషెవడో వాడికి తెలుసు, వాణ్ణే లోపలికి లాగుతాడు. లోపల కాలు పెట్టడానికి చోటు లేకపోయినా ఇంకా లాగుతూనే ఉంటాడు.”

“ఎందుకలగా?”

“రేపు బయట దొరకదేమోనని.”

“మరి అంత గుంపులోకి లాగాలంటే బలం కావాల కదా?”

“కావాలండి. దానికి బొగ్గు కాలుస్తుంది. అది తినే చక్కెరే దాని బొగ్గు.”

“అలగైతే ఇంజనుందన్నమాట!” అని ముసలాయన తృప్తిపడేవాడు. ఇంజను ఉన్నదేదైనా ఆయన దృష్టిలో గౌరవనీయమే.

ఇంకోరోజు లూసిన్, ఐసోలూసిన్, వేలిన్ అనే మూడు అమినో ఆమ్లాల సంగతి చెప్పాడు. అన్నదమ్ముల్లా ముగ్గురివీ ఒకే పోలికలట, ముగ్గురికీ ఒకటే గేటట, ఒకడు గుంపుగా వచ్చిపడితే తక్కిన ఇద్దరూ బయట నిలబడాల్సిందేనట. ముసలి ఫిట్టరు కొడుకు అందుకుని, “మా కోటర్సు ఎనకాల పాయిఖానా కాడా అదే వరస బాబూ. మేవూ ముగ్గురవే” అన్నాడు. అరుగంతా నవ్వు. ఈయన కళ్లజోడు తుడుచుకుంటూ లోపలికి పోయాడు. నవ్వింది తన మీద కాదని ఎంత చెప్పినా ఆ రాత్రి భోజనానికి రాలేదని చెల్లెమ్మ, అంటే ఆయన భార్య, మర్నాడు నాతో వాపోయింది.

ఆయన పరిశోధనకి రెండు రకాల బాక్టీరియా వాడేవాడు. ఒకటి బొంబాయి నుంచి తెప్పించిన రకం, పేరున్న కుటుంబంలోది. రెండోది మా ఖరిదా బజారు వెనక మురిక్కాలవలో దొరికింది. కాలవ మాదే కాబట్టి దాన్ని మేమంతా మన పురుగనేవాళ్లం. “పురుగు కాదండీ” అని మొదట్లో సరిదిద్దేవాడు. తరవాత సరిదిద్దడానికి కూడా సిగ్గుపడి మానేశాడు.

చేసే పని ఇదీ. వెచ్చగా పెరుగుతున్న బాక్టీరియాకి, యంత్రం పోల్చుకునేలా గుర్తు పెట్టిన అమినో ఆమ్లం కాస్త తినిపిస్తాడు. కాసేపటికి సన్నటి జల్లెడకాగితం మీద వడగడతాడు. పైన అంటుకున్నది పోవడానికి ఉప్పునీళ్లతో కడుగుతాడు. కడిగాక లోపల ఎంత మిగిలిందో యంత్రం చెబుతుంది. వినడానికి నాకు అంట్లు తోమడంలా ఉండేది. ఆ మాటే అంటే, “అంతకంటే ఏమీ లేదండి” అన్నాడు.

ఇక్కడ అప్పలస్వామి రావాలి. చెల్లెమ్మకి తమ్ముడు, అంటే ఈయనకి బావమరిది. స్టేషన్లో ఐసు ఎక్కించే పని. ఎండాకాలం ఫస్టుక్లాసు పెట్టెల్లో తొట్లలో ఐసుగడ్డలు పెట్టేవారు. తక్కిన రోజుల్లో భోజనశాలకీ, డైనింగ్ కారుకీ వెళ్లేవి. గడ్డలు దింపేటప్పుడు విరిగిన ముక్కలు ఎవరికీ అక్కర్లేదు, పట్టాల మధ్యన కరిగిపోయేవే. బావ పనికి చల్లదనం కావాలని ఎక్కడో విన్నాడు. అంతే. రాత్రి డ్యూటీ దిగి, ఆ ముక్కల్ని గోనెలో చుట్టి, సైకిలుకి కట్టుకుని, ఇంటికి కూడా పోకుండా హిజ్లీ చేరేవాడు.

“ఇంత దూరం ఎందుకురా?” అని ఈయన సిగ్గుపడి చచ్చిపోయేవాడు.

“నానేటి కష్టపడతన్నాను బావా? కరిగిపోయేదే కదా. నీకాడే కరగనీ.”

ఒకరోజు అప్పలస్వామి తెచ్చిన ఐసులో పెట్టిన నీళ్లతో ఈయన బొంబాయి రకాన్ని కడగబోయాడు. అప్పలస్వామి గుమ్మంలోంచి చూసి లోపలికొచ్చేశాడు.

“అదెవరిది బావా?”

“బొంబాయిదిరా.”

“బొంబాయిదానికా మన ఐసు! వాళ్ల పురుక్కి వాళ్లే తెచ్చుకుంటారు. మన పురుక్కి మన ఐసు.”

నవ్వుతూనే అన్నాడు. కానీ రాత్రంతా ఐసు మోసి, ఎర్రమట్టి రోడ్డు మీద సైకిలు తొక్కుకొచ్చిన మనిషి. ఈయన మొహమాటం సంగతి తెలిసిందే. ఆ మర్నాటినుంచి పొద్దున్నే, ఐసు రాకముందే, బొంబాయి రకాన్ని గోరువెచ్చటి ఉప్పునీళ్లతో కడిగేసేవాడు. ఐసు వచ్చాక, బావమరిది చూస్తుండగా, ఖరిదా రకాన్ని ఐసునీళ్లతో కడిగేవాడు. రెంటికీ నీళ్లు ఒకటే, ఉప్పు ఒకటే. చల్లదనం తేడాయేగదా అనుకున్నాడు.

కొన్నాళ్లకి విచిత్రం ఒకటి బయటపడింది. బొంబాయి రకం తిన్నది తిన్నట్టు దాచుకుంటోంది. ఖరిదా రకం లోపల ఏమీ మిగలడం లేదు. లోపలికి తెచ్చుకోవడం వచ్చు, నిలుపుకోవడం రాదు. అలాంటి పొర ఉన్న బాక్టీరియాని ఎవరూ చూసి ఉండరని కలకత్తాలో ఒక సభలో చెప్పి వచ్చాడు. పెద్దలు తలూపారట.

ఖరిదా ఉప్పొంగింది. మురిక్కాలవకి ఇంత పేరు ఎప్పుడొచ్చింది గనక! సంఘం తరఫున సన్మానం పెట్టాను. సన్మానపత్రం నేనే రాశాను. “సూక్ష్మజీవ సూర్యా” అని ఎత్తుకుని, “ఖరిదా ఖనిలో పుట్టిన ఖరీదులేని వజ్రమా” అని దింపాను. ఖరీదు కట్టలేని అని నా ఉద్దేశం. చప్పట్లలో ఎవరూ పట్టించుకోలేదు. మొదటి విశేషణానికి ఊడిన కళ్లజోడు దండ వాడిపోయేదాకా మళ్లీ ఎక్కలేదు. ముందువరసలో అప్పలస్వామి పక్కవాళ్లకి చెబుతున్నాడు: “మా ఐసే. నా సేత్తో తెచ్చిందే. ఐసు లేకపోతే ఆ పురుగు గుట్టు తెలిసేది కాదు.”

ఆ మాట ఎంత నిజమో ఆ రోజు ఎవరికీ తెలియదు.

ఆ వానాకాలం అప్పలస్వామి జొరంతో మంచం పట్టాడు. ఐసు రాలేదు. పని ఆపలేక ఈయన ఖరిదా రకాన్ని కూడా గోరువెచ్చటి నీళ్లతోనే కడిగాడు. ఖరిదా రకం బొంబాయి రకం లాగే తిన్నదంతా లోపలే దాచుకుంది. మళ్లీ చేశాడు. మళ్లీ దాచుకుంది. అప్పుడు భయపడుతూ కాలేజీ కాంటీనులో కాస్త ఐసు అడిగి తెచ్చి, బొంబాయి రకాన్ని దాంతో కడిగాడు. ఆ పేరున్న కుటుంబంలోది కూడా ఉన్నదంతా కక్కేసింది.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చాడు. అప్పటికే కళ్లజోడు చేతిలో ఉంది.

“వేడి లాంతరు చిమ్నీ మీద చన్నీళ్లు పడితే ఏమవుతుందండీ?”

“పగులుతుంది.”

“అంతే. వెచ్చగా ఉన్నదాని మీద చటుక్కున ఐసునీళ్లు పోస్తే ఆ పొర బెదిరిపోయి లోపలున్నది వదిలేస్తోంది. మన పురుగులో ఏ విశేషమూ లేదు. విశేషమంతా ఐసుది. ఐసు కూడా కాదు, నాది. రెంటినీ ఒకే రకంగా కడగాలని చిన్నపిల్లాడికైనా తెలుసు. వాడు ఏమనుకుంటాడోనని కడగలేదు.”

నాకు చప్పున తోచింది చెప్పాను. “పోనిద్దురూ. ఇక్కడెవరికి తెలుస్తుంది?”

ఆయన కళ్లజోడు పెట్టుకుని నావైపు చూశాడు. అలా సూటిగా చూడటం అదే మొదలు, అదే ఆఖరు. వెంటనే తీసేశాడు.

“ప్రొఫెసరు గారికి చెప్పానండి. ‘ఠిక్ ఆఛే, ఎమోన్ హొయ్’, పరవాలేదు, ఇలా జరుగుతుంటుంది అన్నారు. కలకత్తా వాళ్లకీ రాసేశాను. అదేం కష్టం కాలేదు. మీ సన్మానం ఉంది కదా, అది వెనక్కి తీసుకోండి.”

“మా సంఘానికి ఇచ్చే పద్ధతి ఉందండీ, పుచ్చుకునే పద్ధతి లేదు.”

“శాలువా తెచ్చాను.”

నిజంగానే సంచీలో ఉంది, సన్మానం నాడు పెట్టిన మడత మళ్లీ విప్పకుండా.

“ఆదివారం సభలో నేను నిలబడి చెబుతాను. కానీ ఐసు పేరెత్తనండి. మీరూ ఎత్తొద్దు. వాడు ఊరంతా చెప్పుకున్నాడు. తన ఐసు వల్లే బావ పరువు పోయిందని తెలిస్తే వాడు తలెత్తుకోలేడు.”

ఆయనకి కావలసింది రెండే. అబద్ధం పోవాలి, అప్పలస్వామి తల దించుకోకూడదు. ఒకే గేటులోంచి రెండూ ఎలా పడతాయో నాకు అర్థం కాలేదు.

ఆదివారం హాలు నిండింది. మళ్లీ ఏదో సన్మానమనుకుని వచ్చారు. మరమరాలు, ఉల్లిముక్కలు కూడా తయారు. ఆయన లేచి, కళ్లజోడు తీసి, గోడకి చెప్పినట్టు చెప్పాడు.

“నేను కనిపెట్టానన్నది తప్పు. మన బాక్టీరియా అన్ని బాక్టీరియాల్లాంటిదే. తెచ్చుకోవడమూ వచ్చు, దాచుకోవడమూ వచ్చు. నేను సరిగ్గా కడగలేదు. క్షమించండి.”

హాల్లో మరమరాల చప్పుడు ఆగింది. ముసలి ఫిట్టరు లేచాడు. “తప్పంటే ఏటి బాబూ? కలకత్తావోళ్లు గానీ ఏటైనా అన్నారా? సెప్పు, మేవందరం ఒస్తాం.”

“వాళ్లేమీ అనలేదండి. తప్పు నా చేతిది.”

అప్పుడు ముందువరసలోంచి అప్పలస్వామి నిలబడ్డాడు. జొరం నుంచి అప్పుడే లేచాడు, బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి.

“మన ఐసు వాడినా కూడా తప్పొచ్చిందేటి బావా?”

నేను నా చెప్పుల వైపు చూశాను. కార్యదర్శి అయ్యాక నేను నోరు మూసుకున్న మొదటి సభ అది. ఆయన చొక్కా అంచుతో అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. మబ్బుముక్కల్లో తన బావమరిది మబ్బు ఏదో కూడా ఆయనకి తెలిసినట్టు లేదు.

“ఐసు మంచిదేరా,” అన్నాడు చివరికి. “ఐసుకేం? నా చెయ్యే.”

అప్పలస్వామి “సరే బావా” అని కూర్చున్నాడు. శాలువా బల్ల మీద ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఇంటికి పోతూ నేనే తీసుకెళ్లి బీరువాలో పెట్టాను. తరవాత ఎన్ని సన్మానాలు జరిగినా ఆ శాలువా ఎవరికీ కప్పబుద్ధి కాలేదు.

సభ అయిన మర్నాడు పొద్దున్నే, గోనెలో ఐసు చుట్టుకుని, అప్పలస్వామి హిజ్లీలో ప్రత్యక్షం. వద్దంటే ఎందుకని అడుగుతాడు. అందుకని వద్దనలేదు. ఆయన ఒక తొట్టి పెట్టాడు. బావమరిది గుమ్మంలో ఉండగా ఐసు దాంట్లో పోసి, మధ్యలో ఒక నీళ్ల సీసా పెట్టేవాడు. బావమరిది వెళ్లాక ఆ సీసా ఎత్తి పక్కన పెట్టి, గోరువెచ్చటి నీళ్లతో రెండు రకాల్నీ ఒకే తీరున కడుక్కునేవాడు. ఐసు లేబరేటరీ వాళ్లందరి మజ్జిగలోకీ నిమ్మకాయ నీళ్లలోకీ పోయేది. వేసవిలో ఆ గదికి పెద్ద పలుకుబడి ఉండేదట. “ఇంతమందికి మజ్జిగా నిమ్మనీళ్లూ ఇస్తున్నాను, ఒక్కడికీ నిజం ఇవ్వలేకపోతున్నాను” అని నాతో ఒకసారి అన్నాడు.

మామూలు పురుగు మీద మామూలు పనే చేసి, ముగ్గురన్నదమ్ముల గేటు గురించే రాసి, ఆలస్యంగా డాక్టరేటు తెచ్చుకున్నాడు. ఈసారి సన్మానం మాట నేను ఎత్తలేదు. ఆయనా సంతోషించాడు. కానీ ఖరిదా మాత్రం మరిచిపోదలుచుకోలేదు. సభలో ఆయన చెప్పింది విన్నవాళ్లే బజారులో ఎదురైతే, “ఏటి బాబూ, మన పురుగెలగుంది?” అనేవారు. ప్రేమగానే. ఆయన సైకిలు స్టాండు వేసి, కళ్లజోడు తీసి, “బాగుందండి” అనేవాడు. ఏళ్ల తరబడి.

పోయింది కూడా అలాగే, ఎవరికీ ఇబ్బంది లేకుండా, ఒక మే నెల పొద్దున్న సైకిలుకి గాలి కొడుతూ. గుండె. ఆయన అన్నగారు విజయనగరం నుంచి మెయిల్లో రావాలి. అందాకా ఉంచాలి. ఎండ అప్పటికే గోడల్లోంచి వస్తోంది.

ఐసు అన్న మాట ఎవరూ అనకముందే రిక్షా ఆగింది. అప్పటికి ఫస్టుక్లాసు తొట్లు పోయాయి. అప్పలస్వామికి తల నెరిసింది. గోనెల్లో పెద్ద గడ్డలు, ముక్కలు కాదు. ఎవరి సాయమూ పట్టనివ్వలేదు. తనే పొట్టు కడిగి, బావ చుట్టూ పేర్చాడు. ముందు పాదాల దగ్గర, తరవాత పక్కల, ఆఖరున తల దగ్గర. ఒక్కో గడ్డ పెడుతూ ఒంటికి తగలకుండా మధ్యన గుడ్డ మడత వేస్తున్నాడు.

“అంత గుడ్డెందుకు తమ్ముడూ?” అన్నాను.

“సటుక్కున సల్లదనం తగలకూడదు కదా సెక్రెట్రీ గోరూ,” అన్నాడు తలెత్తకుండా.

కాసేపటికి ఇద్దరం అరుగు మీదికొచ్చాం.

“నీకు తెలుసా?”

“తెలవకేటి? నాను జొరంతో పడున్నప్పుడే కదా ఆయన తప్పు కనిపెట్టినాడు. నా ఐసు లేనప్పుడు తెలిసిందంటే, తప్పెక్కడుందో ఆమాత్రం ఊయించుకోలేనా? ఎచ్చటిదాని మీద సటుక్కున ఐసు పడితే ఏటవుద్దో ఐసు మోసేవోడికి తెలవదా? సబలో అడిగినాను. ఐసు మంచిదే అన్నాడు. అన్నప్పుడు ఆ అద్దాలు ఎలగ తుడిసినాడో సూసినారు కదా. ఇంకేటడుగుతాను?”

“మరి ఇన్నాళ్లూ ఎందుకు మోశావురా?”

“మానేస్తే నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోద్ది. ఇంక జన్మలో నా ముందర కళ్లజోడు ఎట్టుకుంటాడేటి?”

ఇన్నేళ్లూ ఒకడు అక్కర్లేని ఐసు మోశాడు, ఒకడు అక్కర్లేని ఐసు పుచ్చుకున్నాడు. ఇద్దరి మధ్యా గేటు కాపలా కాస్తున్నానని గర్వపడినవాణ్ణి నేను. అక్కడ గేటే లేదు.

అప్పలస్వామి లోపలికెళ్లాడు. కిటికీలో ఉన్న కళ్లజోడు తీసి, తన చొక్కా అంచుతో తుడిచి, బావకి పెట్టాడు. చుట్టూ ఐసు, బయట బెంగాలు ఉక్క. అద్దాల మీద ఆవిరి పట్టేసింది. తీసి తుడిచి మళ్లీ పెట్టాడు. మళ్లీ పట్టింది. మూడోసారి చెయ్యి చాచబోతుంటే, తల దగ్గర కూర్చున్న చెల్లెమ్మ వాడి మణికట్టు పట్టుకుంది.

“వద్దురా తమ్ముడూ, తీసెయ్యి,” అంది. “ఇంతమంది సూస్తన్నారు. ఆయనకి సిగ్గు.”